కోటలో స్నేహాలు

డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ ఆడేవాళ్ల మధ్య ఓ పాత సలహా తిరుగుతుంటుంది. మరుగుజ్జులను ఖాళీగా ఉంచకండి, కబుర్లలో పడితే స్నేహాలు కలుస్తాయి, రేపు ఒకడు పోతే పదిమంది కుంగిపోతారు అని. ఆట లోపలి లెక్క తెలిసినవాళ్లు చెప్పిన మాటే. అయినా నేను పాటించను.

టార్న్, జాక్ ఆడమ్స్ అనే అన్నదమ్ములు 2006లో ఈ ఆటను జనానికి అందించారు. కొండ తొలిచి కోట కట్టించడం మన పని. అందులోని మరుగుజ్జులు పని లేనప్పుడు ఒకచోట చేరి మాట్లాడుకుంటారు, పరిచయాలు స్నేహాలవుతాయి. పాత వెర్షన్లలో ఆ స్నేహాలే కోటలను కూల్చేవి. గోబ్లిన్ల దాడిలో ఒకడు చస్తాడు. అతని స్నేహితుడు దుఃఖం పట్టలేక సామాన్లు విరగ్గొట్టి, అడ్డొచ్చినవాణ్ణి చంపేస్తాడు. ఆ చచ్చినవాడికీ స్నేహితులుంటారు. అలా కోటంతా పాకే ఈ విధ్వంసాన్ని ఆటగాళ్లు టాంట్రమ్ స్పైరల్ అంటారు. ఆ సలహా పుట్టింది ఈ భయంలోంచే.

కానీ 2015లో సత్రాలు, గుడులతో పాటు మరుగుజ్జులకు అవసరాలూ వచ్చాయి: స్నేహితులతో గడపాలి, ఇంటివాళ్లతో ఉండాలి, ప్రార్థించాలి. ఇవి తీరకపోతే పని మీద మనసు నిలవదు. 2018లో జ్ఞాపకాలు చేరాయి. గట్టి దెబ్బ తగిలితే అది మళ్లీ మళ్లీ గుర్తొస్తుంది, ఒక్కోసారి మనిషి స్వభావమే మారిపోతుంది. రిమ్‌వరల్డ్ అనే మరో ఆటలోనూ స్నేహితుడు పోతే మూడ్ పడిపోతుంది, పడనివాడు పోతే పెరుగుతుంది కూడా. కానీ కొన్నాళ్లకు ఆ మార్పు చెరిగిపోతుంది. దుఃఖం గడువు తీరి పోయేది కాదని డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ ఒప్పుకుంటుంది. నాకది గొప్ప విషయం.

చనిపోయినవాళ్ల విషయంలోనూ అంతే పట్టింపు. శవాన్ని పేటికలో పెట్టి సాగనంపకపోతే దెయ్యమై తిరుగుతుంది. నీళ్లలోనో లావాలోనో శవం దక్కకుండా పోతే, పేరు చెక్కిన రాతిఫలకం నిలబెట్టాలి.

అందుకే నా కోటల్లో సత్రం నడిమధ్యన ఉంటుంది, సమాధి గదులు ముందే తవ్వించి ఉంటాయి. ముట్టడి ముగిశాక గోడలు బాగుచేయించే ముందు, బతికినవాళ్ల ఆలోచనల పేజీలు ఒక్కొక్కటే తెరిచి ఎవరు ఎవర్ని పోగొట్టుకున్నారో చదువుతాను. వాళ్లను కొన్నాళ్లు కాపలా నుంచి, శవాలు మోసే పని నుంచి తప్పిస్తాను. రాతిపని వెనకబడుతుంది, పడనీ. స్నేహితుణ్ణి పోగొట్టుకున్నవాడు మళ్లీ సత్రంలో మరొకరి పక్కన కూర్చుని మాట కలిపేదాకా ఆ గోడలు ఆగుతాయి.