పిచ్చుకంత, కాకంత

1941లో మొదటిసారి అచ్చయిన సలీం అలీ ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’లో నాకు బొమ్మలకంటే కొలతలు నచ్చాయి. పిచ్చుకంత, మైనా అంత, కాకికంటే పెద్దది... ఇదీ వరస. స్కేలు పెడతానంటే ఏ పిట్టయినా మనకోసం ఆగుతుందా, చెప్పండి! పెరట్లో కాకే మనకు గజంబద్ద.

సంక్రాంతి సెలవులకి పులికాట్ వెళ్తూ ఆ పుస్తకం వెంట తీసుకెళ్ళాం. దారిలో నేలపట్టు దగ్గర, నీటి కడప చెట్లమీద గూళ్ళు కట్టుకున్న గూడబాతుల్ని మా వదిన ఇట్టే పోల్చేసింది. పేజీలో పెన్సిల్ గీత. “ఊఁ, తర్వాతదేదీ?”

ఇలాంటి పుస్తకాలతో చిక్కల్లా ఇదే. పేరు దొరగ్గానే కళ్ళు పని మానేస్తాయి. బొమ్మలో ఫ్లెమింగో కదలదు. సరస్సులో అదే పక్షి ముక్కు తలకిందులుగా ముంచి బురదనీళ్ళు జల్లెడ పడుతుంది. ఆ గులాబీరంగు కూడా సొంతం కాదట, తిన్న నాచులోంచీ రొయ్యపిల్లల్లోంచీ వచ్చిందేనట! దూరానికి తెల్లగా కనపడిన గుంపు రెక్కలు విప్పేసరికి ఎర్రబడింది. వదిన అప్పుడు పేజీలు తిప్పుతోంది.

అంటే ఊరుకుంటుందా? “పేరు తెలీకపోతే ఇంటికెళ్ళి ఏం చూశానని చెప్తావే అమ్మాయ్?” అంది.

అదీ నిజమే. పుస్తకం కొనండి. సరస్సు దగ్గర మాత్రం సంచిలో ఉంచి, తిరుగు రైల్లో చదవండి.