ఇత్తడికి కాక

పిడుగురాళ్లలో నివసించువారికి అగ్ని చేయు పని కొత్త కాదు. మా సున్నపు బట్టీలలో ఇంచుమించు 900 డిగ్రీల వేడికి కాగిన సున్నపురాయి తనలోని బొగ్గుపులుసు వాయువును విడిచి, శుద్ధమైన రాయి 100 కిలోలకు 56 కిలోల సున్నమై వెలుపలికి వచ్చునప్పటికి, అది పూర్వపు రాయి కానే కాదు; నీరు సోకినంతనే బుసకొట్టి పొడియగు వేరొక పదార్థము. పదార్థమునే మార్చివేయు ఈ అగ్నిని నిత్యము చూచువారము గనుకనే, పదార్థమును మార్చక దాని ఆయువును మాత్రము పెంచు మరియొక అగ్ని మనకు విస్మయమును కలిగింపవలెను. అది కంచరి కొలిమిలోనిది. అందు కాగిన ఇత్తడి బయటికి వచ్చిన పిదపను ఇత్తడియే. రాగి, తుత్తునాగముల పాళ్లు మారవు. మారునది లోపలి అమరిక ఒక్కటే.

లోహమనగా సూక్ష్మస్ఫటికముల సముదాయము. సుత్తె పడినప్పుడెల్ల ఆ స్ఫటికములలోని పొరలు ఒకదానిపై నొకటి జారుటచేతనే రేకు సాగుచున్నది. జారిన కొలదియు లోపల చిక్కులు పేరుకొని, ఇక జారుటకు తావులేని స్థితి సంప్రాప్తించును. అప్పుడు ఇత్తడి గట్టిపడినదని మనము సంతోషింతుము గాని, నిజమునకు అది పగులుటకు సిద్ధమైనది. తగిన కాక తగిలినచో, చిక్కువడిన పాత స్ఫటికముల తావున క్రొత్తవి మొలిచి, లోహము మరల సాగుటకు అనువగును.

ఈ శాస్త్రమంతయు కంచరి చెవిలో నున్నది. మెడ దగ్గర సొట్టపడిన పాతకాలపు బిందెను బాగుచేయుట నేను పలుమారులు దగ్గర కూర్చుండి చూచితిని. పట్టకారుతో బిందెను పట్టి, మెడభాగము మాత్రమే బొగ్గునిప్పులకు తగులునట్లు మెల్లగా త్రిప్పుచు, పసుపువన్నె మాసి, నల్లనై, ఆ నలుపు వెనుకనుండి మసకయెరుపు తొంగిచూచువరకు ఆయన కన్నార్పడు. ఆ యెరుపు ఎండలో కానరాదు. కొలిమిని నీడపట్టున పెట్టుకొనుటలోని మర్మమిది. పిదప దానిని నీట ముంచి, చింతపండు పులుసుతో మసి తోమి, కొయ్యసుత్తెతో లోపలినుండి తట్టనారంభించును. మెత్తబడిన ఇత్తడి తొలుత బొద్దుగా మ్రోగును. దెబ్బలు పడినకొలది మ్రోత సన్నబడి, చివరకు సుత్తె ఎగిరిపడుచు ఖంగుమనును. ప్రక్కన కూర్చున్న కొడుకు ఆ ఉత్సాహములో మరి రెండు దెబ్బలు వేయబోగా, ఆయన అన్నమాట నాకు నేటికిని జ్ఞాపకము: "మోత మారింది రా, ఇంక కొట్టమాక. కాక పెట్టు."

ఇనుమునకును ఇత్తడికిని గల భేదమొకటి ఇచ్చట చెప్పవలసి యున్నది. కమ్మరి ఎర్రగా కాచిన ఉక్కు కత్తిని నీట ముంచినచో అది కరకుదేరును. కంచరి కాచిన ఇత్తడిని నీట ముంచినను, గాలికి వదలినను మెత్తనిదిగనే యుండును. నీరు మసి రాల్చుటకును, పని త్వరగా సాగుటకును మాత్రమే. ఈ యెరుక లేక ఇత్తడికి నీరు తగులరాదని భయపడువారిని చూచియున్నాను.

బిందెకు వర్తించిన ధర్మమే తూటాకును వర్తించును. తూటా గుల్లకు వాడు ఇత్తడిలో నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగము. దళసరి బిళ్లను గిన్నెవలె నొక్కి, ఆ గిన్నెను అంచెలంచెలుగా పొడుగుపాటి గొట్టముగా సాగలాగుచు, నడుమ నడుమ కాచి మెత్తపరచి దానిని తయారుచేయుదురు. ఆంగ్లేయుల సైన్యము మన దేశమున నున్న కాలమున, వానకారు వచ్చినంతనే సైనికుల పని సన్నగిల్లి, తూటాలను గుర్రపుశాలలలో భద్రపరచెడివారు. వానలు వెలిసి బయటికి తీయగా, ఎవరును తాకని గుల్లలు, విశేషించి గుండును బిగించిన మెడ దగ్గర, పగిలియుండెడివి. ఋతువు తెచ్చిన పగులనియే దానిని వ్యవహరించిరి. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అను శాస్త్రజ్ఞులు దాని కారణమును తేల్చిరి: గుర్రపు మూత్రమునుండి లేచిన అమోనియా ఒక ప్రక్క, చల్లగా సాగలాగిన ఇత్తడిలో విడువక మిగిలిన ఒత్తిడి మరియొక ప్రక్క, రెండును కలిసి చేసిన పని అది. 250, 300 డిగ్రీల స్వల్పపు కాక చాలును. గట్టిదనము పెద్దగా తగ్గకయే ఆ ఒత్తిడి సడలును. ఆ గుల్లలకు లోపించినది ఆ పాటి కాకయే.

విదేశములలో గురిపోటీలవారు కాల్చిన గుల్లలనే ఏరి, మరల మందు కూరి వాడుకొందురు. మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము అనుమతి లేనిదే తూటాల తయారీ కూడదు గావున, ఆ పని మనది కాదు. అందులోని నేర్పు మాత్రము ఎరుగదగినది. పేల్చినప్పుడు మెడ ఉబ్బును, తిరిగి అచ్చులో నొక్కగా కుదియును. ఈ ఉబ్బుటయు కుదియుటయు సుత్తెదెబ్బల వంటివే గనుక, కొన్ని పేలుళ్లకు మెడ నిలువున చీలును. కావున మెడను, దాని క్రింది భుజమును మాత్రము కొలది క్షణములు మంటలో త్రిప్పి మెత్తపరతురు. అడుగుభాగమునకు ఆ వేడి ఎంతమాత్రము పాకరాదు. వాతావరణ పీడనమునకు 3000 రెట్లకు మించిన ఒత్తిడిని ఓర్వవలసిన ఆ అడుగు మెత్తబడినచో, వేడివాయువు వెనుకకు తన్ని కాల్చువాని ముఖముననే పేలును. గుల్లలను నీటిపళ్లెములో నిలబెట్టి మెడలను మాత్రము కాచుట ఇందులకే ఏర్పడిన పాతపద్ధతి. బిందె మెడను మాత్రమే నిప్పులకు చూపిన మా కంచరికి ఈ మాట చెప్పినచో ఆశ్చర్యపడడు.

హద్దు దాటిన కాక తక్కువ కాకకంటె చెడ్డది. తక్కువైనచో మరల కాచవచ్చును. ఎక్కువైనచో స్ఫటికములు బలిసి, రేకును వంచినంతనే పైతలము గరుకుదేరును. ఇంకను మితిమీరి 900 డిగ్రీలను సమీపించినచో తుత్తునాగము తెల్లని పొగయై లేచిపోవును. ఆ నష్టమును పూరించు కొలిమి లేదు. జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకుపై దేవతామూర్తులను ఉబ్బెత్తుగా తీర్చు పనివారి ప్రతిష్ఠకు ఉలి నేర్పు ఎంత కారణమో, ఈ కాక నెరిగిన నేర్పును అంతే కారణమని నా దృఢవిశ్వాసము. చూచువారు శిల్పమును మెచ్చుదురు గాని, రేకు ఎన్నడు అలసినదో గ్రహించి దానికి విశ్రాంతి నిచ్చిన చేతిని మెచ్చువారు అరుదు.

మన పల్నాటి యిండ్లలో అటకలపై సొట్టలతో పడియున్న ఇత్తడి బిందెలు, గంగాళములు నేడు తూకమునకు పాతసామానులవారి పాలగుచున్నవి. సొట్ట తీయించుటకు తీసికొనిపోయిన కొందరు, చల్లని రేకుపైననే సుత్తె వేయించి, మెడ చీలగా, ఇత్తడి పనికిరానిదైనదని నిందించుటయు కలదు. తప్పు ఇత్తడిది కాదు. అమ్మబోవుటకు ముందు ఒక్కమారు, కొలిమి ఇంకను ఆరని కంచరి ఎక్కడ నున్నాడో విచారించి, ఆ పాత్రను ఆయన యెదుట పెట్టి, ముందు కాక పెట్టి ఆ తరువాతనే సుత్తె వేయుమని కోరుడు. ఆ శ్రమకు ఆయన అడిగిన కూలిని బేరమాడక యిండు.