పలకరింపుకు నోచుకోని దుఃఖం

అబార్షన్ తర్వాత వచ్చే దుఃఖానికి మూలాలు వేర్వేరు. బిడ్డ కావాలని మొక్కులు మొక్కి, ఐదో నెల స్కానింగ్‌లో తీవ్రమైన లోపం బయటపడి గర్భం తీయించుకున్న తల్లి దుఃఖం ఒకటి. ఉంచుకోవాలని ఉన్నా భర్తో అత్తమామలో ఒప్పుకోక, లేదా ఇంటి అప్పులు తీరక తీయించుకున్న ఆమెది ఇంకొకటి. తానే ఆలోచించి ఇప్పుడు వద్దనుకుని, ఆ నిర్ణయం సరైనదేనని నమ్ముతూనే రాత్రిళ్లు ఏడ్చే ఆమెది మరొకటి. ఈ ముగ్గురికీ ఒకే ఓదార్పు మాట సరిపోదు. నాలుగో ఆమె కూడా ఉంది. ఆమెకు దుఃఖం లేదు, గండం గడిచిందన్న ఊరట ఉంది. ఆసరా ఇవ్వాలనుకునేవారు ఈ నాలుగో ఆమెను మరిచిపోతే మిగతా ముగ్గురి దగ్గరా తప్పటడుగు వేస్తారు.

ఈ విషయంలో పరిశోధన చాలానే జరిగింది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డయానా గ్రీన్ ఫాస్టర్ బృందం సుమారు వెయ్యి మంది స్త్రీలతో ఐదేళ్లపాటు మాట్లాడుతూ వచ్చింది. టర్న్‌అవే స్టడీగా పేరుపడిన ఆ అధ్యయనంలో, అబార్షన్ చేయించుకున్నవారిలో 95 శాతానికి పైగా ఐదేళ్ల తర్వాత కూడా తమ నిర్ణయం సరైనదేనన్నారు. తొలి రోజుల్లో బాధ, అపరాధభావం ఉన్నాయన్నవారూ ఉన్నారు. కాలం గడిచేకొద్దీ అవి తగ్గాయి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ కమిటీ 2008 నివేదికలో, ఎవరికి బాధ ఎక్కువయ్యే అవకాశం ఉందో కూడా చెప్పింది: కోరుకున్న గర్భాన్ని పోగొట్టుకున్నవారు, ఒత్తిడి మీద ఒప్పుకున్నవారు, ఎవరికీ చెప్పుకోలేక దాచుకున్నవారు, తోడు లేనివారు, అంతకుముందే మానసిక అనారోగ్యం ఉన్నవారు. అబార్షన్ చేయించుకుంటే మనసు దెబ్బతినక తప్పదన్న ప్రచారం నిజం కాదు. ఎవరికీ దుఃఖమే రాదన్న వాదనా నిజం కాదు.

ఏటా అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. అక్టోబరు 15 గర్భంలోనూ పురిటిలోనూ పోయిన బిడ్డలను తలుచుకునే దినం. రెండూ వారం వ్యవధిలోనే వస్తాయి. మొదటి రోజు సభల్లో పరీక్షల ఒత్తిడి, ఉద్యోగపు ఒత్తిడి గురించి మాట్లాడతారు. రెండో రోజు తనంతట తాను గర్భం పోయినవారిని, పుట్టీ పుట్టగానే బిడ్డను పోగొట్టుకున్నవారిని తలుచుకుంటారు. తన సంతకంతో గర్భం తీయించుకున్న తల్లి ఈ రెండు రోజుల్లో ఎక్కడా కనిపించదు. సంతకం పెట్టింది కదా, ఇక ఏడవడానికి హక్కేమిటన్నది లోకం పైకి అనని మాట.

అమెరికాలో సామాజికశాస్త్రవేత్త కెన్నెత్ డోకా 1989లో ఇలాంటి దుఃఖాల మీద ఒక పుస్తకం తెచ్చారు. సమాజం గుర్తించని, బయటికి ఏడవనివ్వని దుఃఖం మామూలు దుఃఖం కన్నా ఎక్కువకాలం లోపలే ఉండిపోతుందన్నది దాని సారం. తెలుగు ఇళ్లలో ఎవరైనా పోతే చుట్టాలు, ఇరుగుపొరుగు పలకరించడానికి వస్తారు. పెద్దగా ఏమీ మాట్లాడకపోయినా వచ్చి కూర్చుంటారు. అబార్షన్ అయిన ఇంటికి ఎవరూ అలా రారు. కొన్నిసార్లు ఆ సంగతి ఇంట్లోనే ఇద్దరికి మించి తెలియదు.

కోరుకున్న గర్భాన్ని వైద్య కారణంతో తీయించుకున్నవారి పరిస్థితి వివరంగా చూడదగ్గది. తెలుగు రాష్ట్రాల్లో అందరికీ తెలిసిన టిఫా స్కాన్ సాధారణంగా 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు. అప్పటికి కడుపు కనిపిస్తుంది, బిడ్డ కదలికలు తెలుస్తాయి, సీమంతానికి ముహూర్తాలు చూస్తుంటారు. ఆ రోజే మెదడు గానీ గుండె గానీ సరిగా ఏర్పడలేదని తెలుస్తుంది. అబార్షన్లకు సంబంధించిన 1971 ఎంటీపీ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య, నిబంధనల్లో పేర్కొన్న పరిస్థితుల్లో ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. 24 వారాలు దాటితే, పిండంలో తీవ్ర లోపాలున్నప్పుడు మెడికల్ బోర్డు నిర్ణయించాలి. అందువల్ల తిండి సహించని, నిద్ర పట్టని కొద్ది రోజుల్లోనే జీవితంలోకెల్లా కష్టమైన నిర్ణయం తీసుకోవలసి వస్తుంది. ఆ తర్వాత మందులిచ్చి నొప్పులు తెప్పిస్తారు. చాలాచోట్ల అది ప్రసూతి వార్డులోనే జరుగుతుంది. పక్క మంచం మీద పసిబిడ్డ ఏడుస్తుంటే ఈ తల్లి గోడవైపు తిరిగి పడుకుంటుంది.

ఇంటికి వెళ్లిన రెండు మూడు రోజులకు రొమ్ముల్లో పాలు పడతాయి. ఐదో నెల గర్భానికి శరీరం అందుకు సిద్ధమై ఉంటుంది. పాలు ఆగడానికి క్యాబర్గోలిన్ అనే మాత్ర ఉంది. ఇలా జరుగుతుందని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రాత్రి ఆమె అంతగా కుంగిపోదు. డిశ్చార్జి కాగితంలో లేనిది ఆస్పత్రి దృష్టిలో లేనట్టే. యాంటిబయాటిక్ ఉంటుంది, ఐరన్ మాత్ర ఉంటుంది, రక్తస్రావం ఎక్కువైతే రమ్మని ఉంటుంది, కుటుంబ నియంత్రణ సలహా ఉంటుంది. పాల సంగతి ఉండదు. నిద్ర పట్టకపోతే ఎవరికి చెప్పుకోవాలో ఉండదు.

దుఃఖంతోపాటు నిందా వస్తుంది. గ్రహణం నాడు కూరలు తరిగిందని, బొప్పాయి తిన్నదని, బండి మీద తిరిగిందని అంటారు. మేనరికం చేసుకున్న ఇంట్లో రెండు వైపుల పెద్దలూ ఒకరినొకరు వేలెత్తి చూపుకుంటారు. ఇక్కడ శాస్త్రం చేయగలిగిన మేలు పెద్దది. మెదడు, వెన్నుపాము ఏర్పడే నాళం గర్భం నిలిచిన సుమారు 28 రోజులకే మూసుకుంటుంది. చాలామందికి గర్భం వచ్చిందని తెలిసీ తెలియని సమయమది. ఆ నాళం మూసుకోకపోవడం వల్ల వచ్చిన లోపానికి నాలుగో నెలలో తిన్నదీ తిరిగిందీ కారణం కాలేవు. తలసీమియా వంటి జబ్బుల్లో తల్లిదండ్రులిద్దరూ ఆ జన్యువును మోస్తుంటే ప్రతి గర్భంలోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. దగ్గరి సంబంధాల్లో ఇలాంటి అవకాశం పెరుగుతుందన్నది నిజమే. అయితే జన్యువును మోస్తున్నామని చాలామందికి ముందుగా తెలియదు, తెలియని దానికి ఎవరూ దోషులు కారు. ఈ మాటలు డాక్టరు నోట, భర్త, అత్తగారు వింటుండగా రావాలి. అలా వచ్చినప్పుడు ఆ ఇంట్లో నింద ఆగిపోతుంది, దుఃఖం ఒక్కటే మిగులుతుంది. దుఃఖాన్ని మనిషి మోయగలదు.

మరో లోటు కర్మకాండది. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం, బతికి బట్టకట్టే వయసుకు రాని పిండం మానవ శరీర వ్యర్థాల జాబితాలో చేరి పసుపు సంచిలోకి వెళ్తుంది. సంప్రదాయంలో వెతికినా పెద్దగా ఏమీ దొరకదు. మనుస్మృతి ఐదో అధ్యాయం గర్భస్రావమైన స్త్రీకి ఎన్ని నెలల గర్భమో అన్ని రాత్రుల అశౌచం చెప్పింది. రెండేళ్లు నిండని బిడ్డను దహనం చేయకుండా పూడ్చమంది. అక్కడ లెక్క శుద్ధి గురించే. తల్లి ఏడుపుకు అందులో చోటు లేదు.

జపాన్‌లో చోటు ఇచ్చారు. అక్కడ 1948 చట్టంతో అబార్షన్‌కు అనుమతి వచ్చింది. గర్భంలో పోయిన బిడ్డల కోసం బౌద్ధాలయాల్లో చేసే మిజుకో కుయో అనే క్రతువు 1970ల నుంచి దేశమంతా వ్యాపించింది. టోక్యోలోని జోజోజి ఆలయంలో పిల్లలను కాపాడే జిజో బోధిసత్వుడి చిన్న రాతి విగ్రహాలు వరుసలు వరుసలుగా ఉంటాయి. తలలకు ఎర్రటి అల్లిక టోపీలు, పక్కనే గాలికి తిరిగే రంగుల చక్రాలు. తల్లులు వచ్చి టోపీ మారుస్తారు, బొమ్మ పెడతారు, క్షమించమని అడుగుతారు. తనంతట తాను పోయిన గర్భమా, తీయించుకున్నదా అని అక్కడ ఎవరూ నిలదీయరు. సంతకం పెట్టిన తల్లికీ ఏడ్చే హక్కు ఉందని బహిరంగంగా ఒప్పుకున్న ఆచారమది. విలియం లాఫ్లూర్ అనే పండితుడు 1992లో దీని గురించి రాసిన పుస్తకం చదివితే, ఇలాంటిది ఒకటి ప్రతి ఊళ్లోనూ ఉంటే బాగుండుననిపిస్తుంది.

ఆ చరిత్రకు రెండో సగం ఉంది. క్రతువు చేయించకపోతే పిండం ఆత్మ పగబట్టి పీడిస్తుందని కొన్ని ఆలయాలు, జ్యోతిష్కులు, పత్రికలు భయపెట్టడం మొదలుపెట్టాయి. ఏ బాధా లేకుండా బతుకుతున్న స్త్రీలు కూడా, నడివయసులో వచ్చిన ఒంటినొప్పికీ కొడుకు చదువు చెడడానికీ పాతికేళ్ల కిందటి అబార్షనే కారణమేమోనని డబ్బు పట్టుకుని వెళ్లారు. హెలెన్ హార్డకర్ 1997లో ఈ వ్యాపారం మీద వివరమైన పుస్తకం రాశారు. దోషముందని చెప్పి శాంతులు చేయించేవారికి తెలుగు నేల మీదా కొదవ లేదు. ఓదార్పు ఐచ్ఛికంగా ఉన్నంతవరకు మేలు చేసింది, తప్పనిసరి అన్న మాట చేరగానే భయంగా మారింది. కౌన్సెలింగ్‌కూ ఇదే వర్తిస్తుంది.

మంచి కౌన్సెలింగ్ ఎలా ఉండాలో అనుభవజ్ఞులు చెప్పేది సాదాగానే ఉంటుంది. ఆమెతో ఒంటరిగా, తలుపు వేసి ఉన్న గదిలో మాట్లాడాలి. ఒత్తిడి మీద ఒప్పుకుందో లేదో భర్త, అత్తగారు పక్కనుంటే తెలియదు. ఇంట్లో హింస ఉంటే 181 మహిళా హెల్ప్‌లైన్ గురించి చెప్పాలి. పోయినదాన్ని ఆమె బిడ్డ అంటే బిడ్డ అనాలి, గర్భం అంటే గర్భం అనాలి. ఆమె చెప్పేది మధ్యలో ఆపకుండా వినాలి. ఇంకా వయసుంది, మళ్లీ కడుపు పండుతుంది, పుట్టి ఉంటే ఇంకా కష్టపడేది అనే మాటలు ఎంత ప్రేమతో అన్నా ఆమె నోరు మూయిస్తాయి. నెలలు ముదిరిన గర్భమైతే బిడ్డను చూస్తారా అని అడగాలి. చూస్తానన్నా వద్దన్నా ఆ మాటకే కట్టుబడాలి. డాక్టరు రాసిచ్చిన పురుడు తేదీ వచ్చినప్పుడు, తోడికోడలి సీమంతం జరిగినప్పుడు బాధ తిరగబెడుతుందని ముందే చెప్పాలి. భర్తనూ పలకరించాలి. నువ్వు ధైర్యంగా ఉండాలని అందరూ చెప్పే ఆ మనిషి ఏడవడానికి చోటు లేక పనిలో పడిపోతాడు.

దుఃఖం జబ్బు కాదు. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి లేకపోయినా, పెద్ద బిడ్డను చూసుకోలేకపోయినా మానసిక వైద్యులకు చూపించాలి. చచ్చిపోవాలన్న మాట ఒక్కసారి వినిపించినా, ఆ రోజే తీసుకువెళ్లాలి. అదే అనుభవం దాటి వచ్చిన తల్లిదండ్రుల తోడు కూడా పనిచేస్తుంది. పిండంలో లోపాల వల్ల గర్భం తీయించుకున్నవారి కోసం బ్రిటన్‌లో ఇప్పుడు ఏఆర్‌సీ అనే పేరుతో నడుస్తున్న సంస్థ 1988లో ఇందుకోసమే మొదలైంది.

ఇవన్నీ చూశాక, ప్రతి అబార్షన్ కేసుకూ కౌన్సెలింగ్ తప్పనిసరి చేస్తూ చట్టం తేవాలనిపించడం సహజం. మెడికల్ బోర్డు కేసుల్లో తగిన కౌన్సెలింగ్‌తో ప్రక్రియ జరిగేలా చూడాలని 2021 నిబంధనల్లో ఇప్పటికే ఉంది. దాన్ని అందరికీ విస్తరించమనడం మాత్రం పొరపాటు. జర్మనీలో కౌన్సెలింగ్ పత్రం తెచ్చుకుని మూడు రోజులు ఆగాలి. అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో కౌన్సెలింగ్ పేరుతో భయపెట్టే మాటలు వినిపించడం చట్టబద్ధమైంది. కౌన్సెలింగ్ అందుబాటులో ఉండాలి కానీ నిర్బంధం కాకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల్లో చెప్పింది. భారత్‌లో మరో కారణం కూడా ఉంది. లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం 2015లో దేశంలో సుమారు 1.56 కోట్ల అబార్షన్లు జరిగాయి. వాటిలో 73 శాతం ఆస్పత్రి బయట, మాత్రలతో జరిగినవే. ఆస్పత్రిలో ఎంత మంచి కౌన్సెలర్‌ను కూర్చోబెట్టినా, ఇలా బయట మాత్రలు వేసుకున్న స్త్రీల ముఖం చూడరు. తప్పనిసరి చేస్తే ఆస్పత్రికి వచ్చేవారు కూడా భయపడి మందుల షాపు దారి పడతారు.

కాబట్టి ఓదార్పు అడిగినవారికి అందాలి, అడగనివారి మీద పడకూడదు. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్నవి అమలైతే చాలు. పేరు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చని ఎంటీపీ చట్టంలోనే ఉంది. ఆ గోప్యతను నమ్మితేనే స్త్రీ నోరు విప్పుతుంది. అబార్షన్ తర్వాత ఆరు వారాల వేతన సెలవును ప్రసూతి ప్రయోజనాల చట్టం ఇచ్చింది, 2020 సామాజిక భద్రతా స్మృతి కొనసాగించింది. ఆ హక్కు ఉందని ఉద్యోగినికి యాజమాన్యమే చెప్పాలి. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 ఉచితం. మాత్రలతో ఇంట్లోనే కడుపు పోగొట్టుకున్న ఆమెకు కూడా అది అందుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఈ నంబరును ప్రతి ఇంట్లో చెప్పాలి.

ఆస్పత్రులు చేయవలసినది డిశ్చార్జి కాగితంలో మూడు వాక్యాలు చేర్చడం: పాలు పడితే ఏం చేయాలి, మనసు బాగోకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, మళ్లీ ఎప్పుడు రావాలి. ప్రసూతి వార్డులో ఈ తల్లికి వేరే గదిలో మంచం ఇవ్వడం నాలుగోది. ఇక బంధువులు, స్నేహితులు చేయవలసింది ఒక్కటే. విషయం తెలిస్తే, ఆమె రమ్మంటే వెళ్లండి. కారణాలు అడగకండి, సలహాలు ఇవ్వకండి. మాట్లాడితే వినండి, మాట్లాడకపోతే కాసేపు కూర్చుని రండి.