ఆర్ద్రకు కాపలా

2019 చివర్లో ఆర్ద్ర నక్షత్రం మసకబారింది. పేలిపోతుందేమోనన్న మాట ప్రపంచమంతా పాకింది. ఆ వార్త విని ఊరుకోకుండా ప్రతి రాత్రీ మేడెక్కి దాని వెలుగు లెక్క రాసిన ఔత్సాహికులు ఎందరో.

వాళ్ల పనితనం చూడండి. చీకటికి కళ్లు అలవాటుపడేదాకా ఇరవై నిమిషాలు ఆగుతారు. ఎర్ర కాగితం చుట్టిన టార్చి వెలుగులో నోట్‌బుక్ తెరుస్తారు. ఆర్ద్రను ఒకసారి రోహిణి నక్షత్రంతో, ఇంకోసారి బెల్లాట్రిక్స్ నక్షత్రంతో పోల్చి వెలుగుకు అంకె వేస్తారు. తేదీ, వేళ రాస్తారు. మర్నాడు అంకెలు కలవకపోతే మబ్బా, పొగమంచా అని గట్టిగా వాదించుకుంటారు. రాసింది మాత్రం దిద్దరు.

2020 ఫిబ్రవరికి ఆర్ద్ర మామూలు వెలుగులో సగం కూడా మిగల్లేదు. నక్షత్రమే వెళ్లగక్కిన ధూళి అడ్డొచ్చిందని తర్వాత పరిశోధకులు తేల్చారు.

ఓపికే ఈ ఔత్సాహికుల పరికరం. ఈ చలికాలం మీరూ ఒక్క అంకె రాయండి.