సీరీస్ బల్బు పెట్టి చూద్దామండీ

ఈదురుగాలికి స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ తెగిందంటే, 230 వోల్టులు రావాల్సిన ఇంట్లోకి 400 దాకా వచ్చిపడొచ్చు. మర్నాడు మెకానిక్ బల్ల నిండా ఏసీ బోర్డులే. "బోర్డే మార్చాలండీ" అనడం తేలిక. బాగుచేసే మనిషి ముందు వాసన చూస్తాడు.

కమురు వాసన చాలాసార్లు వారిస్టర్‌ది. నీలం బిళ్ళలాంటి ఆ భాగం వోల్టేజి హద్దు మీరగానే కరెంటును తనలోంచి పోనిచ్చి, ఫ్యూజును ఎగరగొట్టి, తానూ పగిలిపోతుంది. దాని మీద 471 అని ఉంటే 470 వోల్టులని లెక్క. అది మార్చి, కొత్త ఫ్యూజు వేసి, నేరుగా ప్లగ్గులో పెట్టేవాడికి పని రానట్టే. తెలిసినవాడు 100 వాట్ల బల్బును సీరీస్‌లో కలుపుతాడు. ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు ఒకసారి మెరిసి మసకబారితే పెద్ద కెపాసిటర్ నిండింది, షార్టు లేదన్నమాట. నిండుగా వెలుగుతూనే ఉంటే బ్రిడ్జి డయోడ్లో, స్విచింగ్ ఐసీయో, ఇంకేదో పోయింది. అప్పుడు మల్టీమీటరు పట్టుకుని ఒక్కొక్కటే వెతకాలి.

నాకు ముచ్చటేసేది మాత్రం చెయ్యి పెట్టేముందు వాళ్ళు ఆగే తీరు. ప్లగ్గు పీకినా కెపాసిటర్లో 325 వోల్టుల దాకా మిగిలి ఉండొచ్చు. రెసిస్టరు తాకించి, మీటరులో సున్నా చూశాకే సోల్డరింగ్.

విడిభాగాలకు హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. వారిస్టర్ ఖరీదు టీ డబ్బులంత. కూలీ మాత్రం గట్టిగానే అడుగుతారు. అడగాలి కూడా.