మాట మార్చుకోని పిల్ల

‘వచ్చాడు’ అంటే వార్త. ‘వచ్చిండు’ అంటే అదే వార్త మా ఊరి నోట. ‘వచ్చిండే’ అంటే మాత్రం గుట్టు. చివరి ఏత్వంలో వినే మనిషి కూడా ఉంది, చెవి ఒగ్గి పక్కన కూర్చున్న ఆడపిల్ల. చెప్పేది మగవాడికైతే అది ‘వచ్చిండ్రా’ అయ్యేది. ‘ఫిదా’ సినిమాలో సుద్దాల అశోక్‌తేజ రాసిన పాటకు ఆ మాటే పేరు. వచ్చిన పిల్లగాడు, చెప్పే పిల్ల, వినే నేస్తురాలు, ముగ్గురూ మూడక్షరాల్లో ఒదిగారు.

శేఖర్ కమ్ముల తీసిన ఈ సినిమా 2017 జులై 21న విడుదలైంది. కథ చిన్నదే. అమెరికాలో వైద్యం చదివే వరుణ్ తన అన్న పెళ్లిచూపులకని బాన్సువాడ వస్తాడు. పెళ్లికూతురి చెల్లెలు భానుమతి. ఇష్టం, అపార్థం, కోపం, మళ్లీ ఇష్టం. ఇంతమాత్రం కథను ఇంత దూరం మోసింది భానుమతి మాట.

మాట మీద నడిచే ప్రేమకథల్లో ప్రపంచమంతా తలచుకునేది ‘మై ఫెయిర్ లేడీ’. బెర్నార్డ్ షా నాటకం ‘పిగ్మేలియన్’ 1913లో మొదటిసారి రంగమెక్కింది. 1956లో న్యూయార్క్‌లో ‘మై ఫెయిర్ లేడీ’ పేరుతో సంగీత నాటకమైంది. 1964లో సినిమాగా వచ్చి ఎనిమిది ఆస్కార్లు గెలిచింది. అందులో పూలమ్మే ఎలైజా యాసను ఒక ఉచ్చారణ పండితుడు పట్టుబట్టి సరిదిద్దుతాడు. నోరు మారితే ఆమె దొరసానిగా చెల్లుబాటవుతుంది. మరి ఆ తర్వాత ఆమె ఎవరు? పాత బజారుకు పనికిరాదు, కొత్త మేడకు చెందదు. షా పెట్టిన ముడి అది.

ఆ ముడి మా తెలంగాణ వాళ్లకు కొత్త కాదు. జనగామలోనో మానుకోటలోనో రైలెక్కిన పిల్ల, ఘట్‌కేసర్ దాటేసరికి ఫోన్‌లో ‘పోతున్న’ను ‘వెళ్తున్నాను’గా దిద్దుకుంటుంది. రైలు లేని భూపాలపల్లి పిల్లలు ఆ పని బస్సులో చేస్తారు. దిద్దేందుకు పండితుడు అక్కర్లేదు, పక్క సీటు నవ్వు చాలు. ఆ నవ్వును చాలావరకు నేర్పింది సినిమాలే. ఏళ్ల తరబడి వాటిలో మా యాస రౌడీకో, హాస్యగాడికో దక్కింది. ప్రేమించే పిల్లకు దక్కింది అరుదు.

శేఖర్ కమ్ముల పనితనం ఇక్కడే కనిపిస్తుంది. భానుమతి వ్యవసాయ శాస్త్రం చదివే అమ్మాయి. చదువు వచ్చింది, మాట పోలేదు. తండ్రితో గారాలకు, అక్కతో గుసగుసకు, వరుణ్ మీద కోపానికి, ఒంటరి ఏడుపుకు ఆమెకున్నది ఒకటే భాష. అక్కకు తోడుగా అమెరికా వెళ్లినా అదే. ఆమె మాటలకు హాలు నవ్వుతుంది, కానీ ఆ నవ్వు ఆమె చురుకుకు, యాసకు కాదు. ఇంకో మెళకువ ఉంది. వరుణ్ చేత ఆమె మాటను అనుకరింపజేయలేదు, ఆమె చేత అతని మాట పలికించలేదు. రెండు తెలుగులూ ఒకే పెళ్లింట్లో తిరుగుతుంటాయి, ఒకదాన్నొకటి దిద్దవు. బాన్సువాడ మాట, మా జనగామ మాట అచ్చంగా ఒకటి కాకపోయినా ఆ నిబ్బరం మాత్రం ఇక్కడివాళ్లకూ సొంతమనిపించింది.

గొంతు సంగతి కూడా చెప్పాలి. మాట విలువే కథాంశమైన ‘మై ఫెయిర్ లేడీ’లో ఆడ్రీ హెప్‌బర్న్ పాటలను చాలావరకు మార్నీ నిక్సన్ పాడింది. తెర మీద పెదవులు ఒకరివి, గొంతు ఇంకొకరిది. భానుమతిగా వేసిన సాయిపల్లవిది కోటగిరి. మన నిజామాబాద్ కోటగిరి కాదు, నీలగిరి కోటగిరి. తెలుగులో ఆమెకిదే మొదటి సినిమా. అయినా భానుమతికి తనే గొంతు ఇచ్చుకుంది. పలుకు ఎక్కడైనా ఒకింత జారి ఉండొచ్చు, కానీ ఆ ఊపిరి అరువుది కాదు. ‘వచ్చిండే’ పాటకు మధుప్రియ గొంతు తోడైంది. తెలంగాణ పల్లెపాటతో చిన్నప్పుడే పేరు తెచ్చుకున్న గాయని కాబట్టి, అతుకు కనబడలేదు.

తెర వెనక ఇంకో దారం ఉంది. భానుమతి తండ్రిగా వేసిన సాయిచంద్ రచయిత త్రిపురనేని గోపీచంద్ కొడుకు. గౌతం ఘోష్ తీసిన ‘మా భూమి’లో కథానాయకుడు రామయ్య ఆయనే. అది తెలంగాణ రైతాంగ పోరాటం కథ. ఆ పోరాటానికి గుర్తులైన విసునూరు దొర గడి, 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి, భూమి కోసం ఐలమ్మ నిలబడ్డ పాలకుర్తి, అన్నీ ఇప్పటి జనగామ జిల్లాలోవే. దొర ముందు ‘నీ బాంచెన్, కాల్మొక్త’ అనడం తప్ప వేరే మాట చెల్లని రోజులవి. ‘మా భూమి’లోని ‘పల్లెటూరి పిల్లగాడా’ పాట సుద్దాల హనుమంతుది. ‘ఫిదా’లో పాట రాసిన అశోక్‌తేజ ఆయన కొడుకే. తండ్రి పాట ఉన్న సినిమాలో రైతు కొడుకుగా వేసిన నటుడు, కొడుకు పాట ఉన్న సినిమాలో ఆడపిల్లల తండ్రి అయ్యాడు. బాంచెన్ అన్న నోటి నుంచి భానుమతి నోటిదాకా మాట నడిచిన దూరం ఆ ఒక్క మనిషిలో కొలుచుకోవచ్చు.

లోటు లేదని కాదు. అమెరికా భాగంలో కథ మందగిస్తుంది. రెండు మాటలు విడమరిచి చెప్పుకుంటే తీరే అపార్థాన్ని అవసరానికి మించి లాగారు. పైగా రెండు కుటుంబాల మధ్య ఎలైజాకూ పండితుడికీ ఉన్నంత అంతరం లేదు. అందుకే షా అడిగినంత కటువుగా ఈ సినిమా అడగదు.

కానీ జవాబు మాత్రం తనదే చెబుతుంది. నాన్నను, ఊరిని వదలనంటుంది భానుమతి. చివరికి అమెరికా వదులుకుని బాన్సువాడకు కదిలేది వరుణ్. పాట పేరే కథకు ముగింపు. వచ్చిండే.