నాలుగు నోటుబుక్కులూ ఒక్క పిల్లవాడివే

మూడో తరగతిలోకి కొత్తగా వచ్చిన పిల్లవాడు లెక్కల నోటుబుక్కులో నూట మూడును 1003 అని రాస్తాడు. వాడే తెలుగు నోటుబుక్కులో ‘మా నాన్న పొలం ఎల్తన్నాడు’ అని రాస్తాడు. లెక్కలు దిద్దేరోజు 1003 మీద ఎర్రగీత పడుతుంది. తెలుగు దిద్దేరోజు ‘ఎల్తన్నాడు’ కింద గీత పడుతుంది. రెండు కట్టలు, రెండు తప్పులు. ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం వాడు రెండుచోట్లా ఒకే పని చేశాడని తెలుస్తుంది. చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. ‘నూట’ అని వినగానే 100 వేశాడు, ‘మూడు’ అని వినగానే పక్కన 3 పెట్టాడు. ఇంట్లో అమ్మ ఎలా అంటుందో ఆ మాట అలాగే దించాడు. వాడి చెవి చురుగ్గా ఉంది, విన్నది అక్షరంలో పెట్టడం వచ్చింది. ఇక నేర్పాల్సింది రాతకు కొన్ని సొంత కట్టుబాట్లు ఉంటాయని. అంకె విలువ అది కూర్చున్న చోటును బట్టి మారుతుందని, పుస్తకంలో మాట ఒక తీరుగా, ఇంట్లో మాట ఒక తీరుగా ఉన్నా రెండూ మనవేనని.

చాలామంది టీచర్లు సబ్జెక్టువారీగా దిద్దుతారు. ఒకే జవాబు వరసగా కనబడుతుంది గనక చెయ్యి వేగంగా సాగుతుంది. నేను చాలా ఏళ్లుగా పిల్లలవారీగా దిద్దుతున్నాను. రోజుకు కొందరి పుస్తకాలే తీసుకుంటాను. తెలుగు, లెక్కలు, ఇంగ్లిషు, పరిసరాల విజ్ఞానం నాలుగూ ఒకేసారి తెరిచి పెట్టుకుంటాను. ఇది నిదానంగా సాగే పని. కానీ ప్రైమరీ బడిలో పిల్లలు నిజంగా ఏం నేర్చుకుంటున్నారో నాకు అర్థమైంది ఇలా దిద్దబట్టే. టైంటేబుల్లో ఉన్న గోడలు పిల్లవాడి బుర్రలో ఉండవు.

రాత లెక్కల సంగతే చూడండి. ‘రాజు దగ్గర 45 గోళీలు ఉన్నాయి. అవి గోపి దగ్గర ఉన్నవాటికంటే 12 ఎక్కువ. గోపి దగ్గర ఎన్ని ఉన్నాయి?’ తరగతిలో సగం మంది 57 అని రాస్తారు. ఎందుకురా అని అడిగితే, “ఎక్కువ అని ఉంది కదా టీచర్, అందుకే కూడిక” అంటారు. 45, 12 కూడమంటే కూడతారు, తీసివేయమంటే తీసేస్తారు. రెండూ వచ్చు. ‘అవి’ అన్న మాట ఎవరి గోళీలను చూపిస్తోందో తెలుసుకోలేదు. ‘ఎక్కువ’ అంటే కూడిక, ‘మిగిలినవి’ అంటే తీసివేత అని ఎవరో ఎప్పుడో చెప్పిన చిట్కా పట్టుకుని వాక్యం చదవకుండా దాటేశారు. ఈ పిల్లలకు ఇంకో ఇరవై కూడికలు ఇస్తే ఒరిగేదేమీ లేదు. లెక్క పక్కన పెట్టి, ఎవరి దగ్గర ఎక్కువున్నాయో నోటితో చెప్పించాలి, ఇద్దరి బొమ్మలు గీయించాలి. గోపి దగ్గర తక్కువున్నాయని వాళ్ల నోటినుంచి వచ్చాక 33 దానంతటదే వస్తుంది. లెక్కల పీరియడులో తెలుగు చెప్పడమంటే ఇదే.

ఇలాంటి పిల్లల తెలుగు నోటుబుక్కులో ఏముంటుంది? ఉక్తలేఖనం బాగానే ఉంటుంది. గుణింతాలు, ఒత్తులు ఫర్వాలేదు. పాఠం చివరి ప్రశ్నల్లో ‘ఎవరు’, ‘ఎక్కడ’ అన్నవాటికి జవాబు సరిగ్గా ఉంటుంది, ఎందుకంటే ఆ మాటలు పాఠంలోనే దొరుకుతాయి. ‘ఎందుకు’ అన్న ప్రశ్న దగ్గర ఖాళీ. లేదా పాఠంలోంచి ఎత్తి రాసిన, సంబంధం లేని ఒక వాక్యం. గోళీల లెక్క దగ్గర ఆగిన చోటే ఇక్కడా ఆగారు.

లెక్కలకే సొంతమైన చిక్కులు లేవని కాదు. 402లోంచి 178 తీసేయమంటే చాలామంది 376 అని రాస్తారు. 2లోంచి 8 పోదు కాబట్టి 8లోంచి 2 తీసేశారు. 0లోంచి 7 పోదు కాబట్టి 7 అలాగే దించారు. 4లోంచి 1 తీస్తే 3. ప్రతి నిలువు వరసనూ విడిగా చూసి, పెద్దదాన్లోంచి చిన్నది తీసేశారు. ‘అప్పు తెచ్చుకో’ అని ఎన్నిసార్లు చెప్పినా ఉపయోగం లేదు, మధ్యలో సున్నా ఉంటే అప్పు ఎవరిస్తారు? అందుకే మా తరగతిలో చీపురుపుల్లలు ఉంటాయి. పది పుల్లలకు ఒక రబ్బరుబ్యాండు, అలాంటి పది కట్టలు కలిపి ఒక పెద్ద మోపు. నాలుగు మోపులు, రెండు విడిపుల్లలు బల్లమీద పెట్టి అందులోంచి 178 ఇవ్వమంటాను. పిల్లవాడు కాసేపు చూస్తాడు. ఒక మోపు విప్పుతాడు, పది కట్టలు. అందులో ఒక కట్ట విప్పుతాడు, పది పుల్లలు. ఇప్పుడు మూడు మోపులు, తొమ్మిది కట్టలు, పన్నెండు పుల్లలు. అక్కడినుంచి 224 తేలిక. పుల్లలు సర్దేశాక ఇంకో మాట అడుగుతాను. నాలుగు వందల్లోంచి దగ్గర దగ్గర రెండు వందలు పోతే సుమారు ఎంత మిగలాలి? ఈ ప్రశ్న అలవాటైన పిల్లవాడు 376ను చూసి తనే కొట్టేసుకుంటాడు. జవాబు పొసగుతుందా అని వెనక్కి చూసుకునే ఆ అలవాటు తెలుగులో తను రాసిన వాక్యాన్ని మళ్లీ చదువుకునేటప్పుడూ పనికొస్తుంది.

ఎక్కాల గురించి ఒక్క మాట. కంఠస్థం వద్దనేవాళ్లతో నేను ఏకీభవించను. ఎక్కాలు నోటికి రావాలి. అయితే ఒకటి నుంచి పది వరకు ఉన్న వంద గుణకారాల్లో 7×8, 8×7 ఒకటేనని గమనించిన పిల్ల నేర్చుకోవాల్సినవి 55 మాత్రమే. ఆ గమనింపు కూడా ఎక్కంతోపాటే రావాలి.

పరిసరాల విజ్ఞానం మూడో తరగతిలో మొదలవుతుంది. ఒకటి, రెండు తరగతుల్లో దానికి విడిగా పుస్తకం ఉండదు. తల్లిదండ్రులు దీన్ని తేలిక సబ్జెక్టు అనుకుంటారు, జవాబులు కంఠతా పెట్టిస్తే మార్కులు వస్తాయి కదా అని. నా దృష్టిలో ప్రైమరీ చదువు మొత్తం కలిసే చోటు ఇదే. మన వీధి పటం గీయడం అన్న ఒక్క పనిని తీసుకోండి. బడి నుంచి చెరువు దాకా పటం గీయమంటే పిల్లలు రోడ్డును పైనుంచి చూసినట్టు గీస్తారు, ఇళ్లను ఎదురుగా నిలబడి చూసినట్టు గీస్తారు, తలుపులు కిటికీలతో సహా. రోడ్డుకు రెండువైపులా చెట్లు నేలమీద పడుకుని ఉంటాయి, ఒక వరస ఇటు తలపెట్టి, ఇంకో వరస అటు తలపెట్టి. ఈ బొమ్మను తప్పు కొట్టకూడదు. తను ఆ రోడ్డుమీద నడుస్తూ ఎటు తిరిగితే అటు ఉన్నది అచ్చంగా గీసింది ఆ పిల్ల. అప్పుడు అందర్నీ డాబా ఎక్కిస్తాను. బడి ముందున్న వేపచెట్టును పైనుంచి చూడమంటాను. కాండం కనబడదు, గుండ్రంగా గుబురు ఒక్కటే. “టీచర్, చెట్టు వట్టి గుండ్రమేనా!” అని ఎవరో ఒకరు అరుస్తారు. ఆ రోజు నుంచి పటంలో చెట్టు గుండ్రమవుతుంది, ఇల్లు చదరమవుతుంది. సూర్యుడు పొద్దున ఏ వైపు కిటికీలోంచి వస్తున్నాడో గుర్తు తెచ్చుకుని పైన ఉత్తరం వేస్తారు.

తర్వాత దూరం. బడి గేటు నుంచి రచ్చబండ దాకా ఎన్ని అడుగులో లెక్కపెట్టమంటే ఒక్కొక్కరికి ఒక్కో సంఖ్య వస్తుంది. పొడుగుపిల్లకు తక్కువ, పొట్టివాడికి ఎక్కువ. దూరం ఒక్కటే కదా, మరి ఎందుకిలా? ఈ గొడవ వాళ్లు తమలో తాము తేల్చుకునేదాకా నేను కలగజేసుకోను. అందరికీ ఒకే కొలత కావాలని వాళ్లకు అనిపించాకే మీటరు టేపు బయటికి తీస్తాను. మీటరంటే వంద సెంటీమీటర్లని బోర్డుమీద రాయడానికీ, మీటరు ఎందుకు కావాల్సి వచ్చిందో కాళ్లతో తెలుసుకోవడానికీ చాలా తేడా ఉంది. మూడు తరగతులు ఒకే గదిలో ఉంటే ఈ పాఠం ఇంకా బాగా నడుస్తుంది. మూడోవాళ్లు అడుగులు లెక్కపెడతారు, నాలుగోవాళ్లు టేపు పట్టుకుంటారు, ఐదోవాళ్లు పది మీటర్లకు ఒక సెంటీమీటరు చొప్పున గీతల కాగితం మీద దింపుతారు.

చివరికి రాత. కొత్తగా మన ఊరొచ్చిన వాళ్లకు బడి నుంచి చెరువుకు దారి చెప్పండి అంటాను. ‘గేటు దాటాక కుడివైపు తిరగాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎడమకు మళ్లాలి.’ ఎవరి కుడి? బడివైపు మొహం పెట్టి నిలబడ్డవాడి కుడా, బయటికొస్తున్నవాడి కుడా? చదివేవాడు ఎటు తిరిగి నిలబడ్డాడో ఊహించుకుని రాయడం తొమ్మిదేళ్ల పిల్లకు పెద్ద పని. ఆ పనిలో తెలుగుంది, లెక్కలున్నాయి, భూగోళం ఉంది. ఏ సబ్జెక్టు నోటుబుక్కులో రాయించాలన్నది నాకు ఎప్పుడూ తెగని సమస్యే.

ఇంగ్లిషు విషయంలో జాగ్రత్తగా ఉండాల్సింది ఒకటుంది. నాలుగు పుస్తకాల్లోకీ అందంగా కనబడేది ఇంగ్లిషు నోటుబుక్కే. గుండ్రటి అక్షరాలు, ఒక్క తప్పు ఉండదు. బోర్డు చూసి ఎక్కించిన రాత మరి. పరిసరాల విజ్ఞానంలో ప్రశ్న-జవాబులూ చాలాసార్లు అంతే. చూసి రాయడంలో ఆరితేరిన పిల్లలు ఏడాదంతా ఎవరి కంటా పడకుండా గడిపేస్తారు. వాళ్లకు రాలేదన్న సంగతి పటం గీయమన్నప్పుడో, గోళీల లెక్క ఇచ్చినప్పుడో బయటపడుతుంది, ఎందుకంటే అక్కడ చూసి రాయడానికి ఏమీ ఉండదు. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషుగా ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. నేను వాటిని ఇష్టంగా వాడతాను. రాత లెక్క తెలుగు పేజీలో చదివి, అర్థం చేసుకుని, చేశాక అప్పుడు ఎదురు పేజీ చదివిస్తాను. అర్థం ముందే చేతిలో ఉంది కాబట్టి ఇంగ్లిషు మాట ఏది దేన్ని చెబుతోందో పిల్లలే పట్టుకుంటారు. తెలుగు పేజీ మూసేసి ఇంగ్లిషుతోనే మొదలుపెట్టమనే ఒత్తిడి చాలా బడుల్లో ఉంది. ఇంటి భాషలో ఆలోచించడం కుదుటపడని పిల్లకు అది అన్యాయం.

ఇదంతా చూడగలిగే వీలు తరగతి టీచరుకే ఉంటుంది. అందుకే ప్రైమరీలో సబ్జెక్టుకొక టీచరు అన్న ఆలోచన నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. 2022లో జీవో 117తో ఆంధ్రప్రదేశ్‌లో చాలాచోట్ల 3, 4, 5 తరగతులను దగ్గర్లోని హైస్కూళ్లలో కలిపారు. సబ్జెక్టు బాగా తెలిసినవాళ్లు చెబితే పిల్లలకు మేలన్నది అప్పటి వాదన. 2025లో ఆ జీవోను పక్కనపెట్టి, తరగతికొక టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లవైపు మళ్లారు. ఎనిమిదేళ్ల పిల్లకు సబ్జెక్టు తెలిసిన మనిషికంటే ఆ పిల్లను తెలిసిన మనిషి ముందు కావాలి. గోళీల లెక్క తప్పడానికి కారణం చదవడంలో ఉందని లెక్కల పీరియడుకు మాత్రమే వచ్చి వెళ్లే టీచరుకు ఎలా తెలుస్తుంది?

అయితే తరగతికొక టీచరు అన్నది ఇంకా చాలా బడులకు అందని మాట. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలి. అదే చట్టం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు చాలంటుంది. ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, పై మూడు తరగతులకు నాలుగేసి, మొత్తం పద్దెనిమిది. ఇద్దరు మనుషులు, ఐదు తరగతులు, పద్దెనిమిది సబ్జెక్టులు. ఈ బడుల్లో ఏ పిల్లకూ 800 గంటలు టీచరు ఎదుట గడవవు. నాలుగు సబ్జెక్టులను నాలుగు పాఠాలుగా చెప్పబోతే ఒక్కటీ పూర్తికాదు. పటం పాఠంలాంటివి ఇక్కడ అవసరం కోసం పుట్టినవి.

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలి, మామూలు లెక్కలు చేయాలి అన్నది 2021లో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యం. 2026-27 గడువు. తెలంగాణలో తొలిమెట్టు కార్యక్రమం కూడా ఈ పునాది కోసం వచ్చిందే. ఇవి సరైన లక్ష్యాలు. ‘ప్రథమ్’ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో పిల్లల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి రెండో తరగతి స్థాయి కథ చదివించి చూస్తారు, అప్పు తెచ్చుకునే తీసివేతా భాగహారమూ చేయించి చూస్తారు. మేం బడిలో చేయాల్సింది ఇంకో అడుగు. ఆ కథ చదవలేని పిల్లా, ఆ భాగహారం చేయలేని పిల్లా ఒక్కరేనా, ఒక్కరే అయితే ముందు ఏది ఆగిపోయింది అని తెలుసుకోవడం.

తల్లిదండ్రుల సమావేశాల్లో నేను ప్రోగ్రెస్ కార్డుకు ముందు నాలుగు నోటుబుక్కులూ వాళ్ల ముందు పరుస్తాను. చదువురాని అమ్మలు కూడా శ్రద్ధగా పేజీలు తిప్పుతారు. ఎర్రగీతలు ఏ పుస్తకంలో ఎక్కువున్నాయో చూసి, “లెక్కల్లో వెనకబడ్డాడా టీచర్, ట్యూషన్ పెట్టించాలా?” అని అడుగుతారు. గోళీల లెక్క తప్పిన పిల్లలందరి అమ్మలకూ నేను చెప్పేది ఒకటే. “లెక్కలు వచ్చమ్మా వాడికి. ట్యూషన్ వద్దు. రోజూ రాత్రి తెలుగు పుస్తకంలో ఒక పేజీ పైకి చదవమను. చదివాక పుస్తకం మూసేసి, ఏం జరిగిందిరా అని అడుగు, వాడి మాటల్లో చెప్పమను. ఎందుకలా జరిగిందని ఇంకోటి అడుగు. నీకు చదువు రాకపోయినా ఈ రెండూ అడగొచ్చు. నెల తర్వాత వాడి లెక్కల పుస్తకం మళ్లీ చూద్దాం.”